మంచు పట్టిన దారిలో భయము

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, యెషయా 50:10–11



చలికాలము వచ్చినది. కార్తికము వెళ్లినది మొదలు సంక్రాంతి దాటువరకు మన కాలువగట్లమీద తెల్లవారుజామున మంచు దిగును. మన క్రిస్మస్ కూటములు, ఇంటింట పాటలు, పాత సంవత్సరము వెళ్లగొట్టు రాత్రి ఆరాధన, కోతలు, నూర్పులు, దాళ్వా నారుమళ్లు, అన్నియు ఈ నెలలలోనే పడును. బండి లేనిదే పల్లెలో ఏ పనియు సాగని దినములివి. ఒకప్పుడు మిషనరీ దొరలు పడవలమీదను ఎడ్లబండ్లమీదను, బైబిలు స్త్రీలు కాలినడకను తిరిగిన ఊళ్లకు నేడు మనము మోటారు సైకిలుమీద పోవుచున్నాము. బండి మారినది గాని చలి మారలేదు. ఆ చలిలో కలుగు భయమును మారలేదు.

గడచిన కొన్ని వారములుగా సంఘస్థులు కొందరు మమ్మును ఒక్కటే ప్రశ్న అడుగుచున్నారు. పాలు పోయువారు, మేస్త్రి పనికి పోవువారు, పరిచర్యకు దూరపు ఊళ్లకు పోవు యౌవనులును అడిగిరి. మంచులో బండి నడుపుటకు మాకు భయమగుచున్నది, విశ్వాసి ఇట్లు భయపడవచ్చునా, ఇది అవిశ్వాసము కాదా అని వారి ప్రశ్న. దీనికి ఒక్క వాక్యముతో జవాబు చెప్పి పంపివేయుట సులభమే. కాని అట్లు చెప్పిన జవాబు రాత్రి నాలుగు గంటలకు బండి తాళము చేత పట్టుకొన్నవానికి ఏమియు ఉపయోగపడదు.

పౌలుగారి ఓడ ప్రయాణమును మీరు వినియున్నారు. లూకాగారు ఆ అధ్యాయమును ‘మేము’ అని వ్రాసిరి; ఆయనయు ఆ ఓడలోనే ఉండిరి. ఉపవాసదినము అప్పటికే గడచిపోయినదని ఆయన వ్రాయుటలో ఒక సంగతి యున్నది. యూదుల ప్రాయశ్చిత్త దినపు ఉపవాసము సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో వచ్చును. అది దాటిన తరువాత ఆ సముద్రముమీద ప్రయాణము అపాయకరము. నవంబరు మొదలు మార్చి ఆరంభమువరకు ఓడలు సాధారణముగా రేవులలోనే కట్టివేయబడి యుండెడివి. మన దారులకు మంచు ఎట్టిదో ఆ సముద్రమునకు చలికాలమట్టిది.

అప్పుడు మంచిరేవులు అను స్థలమున పౌలుగారు లేచి, ఇప్పుడు బయలుదేరినయెడల సరకులకును ఓడకును మాత్రమే గాక ప్రాణములకును హాని కలుగునని హెచ్చరించిరి. ఇది పిరికివాని మాటా? ఈ ప్రయాణమునకు ముందే వ్రాసిన కొరింథీయుల రెండవ పత్రికలో, తాను ముమ్మారు ఓడ పగిలి శ్రమపడితిననియు, ఒక రాత్రింబగళ్లు సముద్రములో గడిపితిననియు ఆయన చెప్పియున్నారు. అనగా ఆ ఓడలో ఆ నీటి రుచి తెలిసినవాడు ఆయనే. దెబ్బ తిన్నవాని హెచ్చరికను దేవుని ఆత్మ మనకొరకు గ్రంథములో వ్రాయించి యుంచెను, దానిని అవిశ్వాసమని ఎక్కడను అనలేదు. శతాధిపతియో, నావికుని మాటను ఓడ యజమానుని మాటను నమ్మెను. ఇంతలో దక్షిణపు గాలి మెల్లగా విసరెను, తలంచిన పని నెరవేరినదనుకొనిరి. మన ఊరిలో ‘ఏం కాదులే, పద’ అనువారున్నారే, వారందరు ఆ దక్షిణపు గాలిని నమ్మినవారే.

కాబట్టి మొదట ఈ సంగతి తెలిసికొనవలెను. మేలుకొలుపు భయమొకటి యున్నది, చంపు భయమొకటి యున్నది. మొదటిది కావలివాడు, వానిని తరిమివేయకూడదు. వాడేమి చెప్పునో కొంచెము లెక్క వేసి చూడుడి. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. 60 కిలోమీటర్ల వేగముతో పోవునది దాదాపు 17 మీటర్లు పోవును. మంచులో మీకు ముందు 20 మీటర్లే కనబడుచున్నవనుకొనుడి. అడ్డమును కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకుమీద పడులోగా సుమారు ఒక సెకను గడచిపోవును. చలికి కొంకర్లు పోయిన వ్రేళ్లయితే ఇంకను ఆలస్యము. అప్పటికి మీకు మిగిలినది మూడే మీటర్లు. ఈ లెక్క తెలిసినవానికి భయము కలుగుట దేవుడిచ్చిన జ్ఞానము.

మంచు ఎట్లు పుట్టునో కూడ తెలిసికొనుట మంచిది. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని విడిచి చల్లబడును. తడి చేలనుండియు కాలువలనుండియు లేచిన తేమ ఆ చల్లని నేలను ఆనుకొనియున్న గాలిలో సన్నని నీటిబొట్లుగా మారి నిలిచిపోవును. అందుచేతనే సూర్యోదయమునకు ముందు వెనుకలనే అది మిక్కిలి దట్టముగా ఉండి, ఎండ తగిలిన కొలది విడిపోవును. గట్టుమీద, వంతెన దగ్గర, చెరువు ప్రక్కను ఎక్కువగా ఉండుటకును కారణమిదే.

ఆ నీటిబొట్లు చేయు మోసమును బండి నడుపువారందరు చూచియుందురు. దారి కనబడలేదని పెద్ద దీపము వేసినయెడల ఆ వెలుగు బొట్లకు తగిలి తిరిగి మన కన్నులలోనే పడును, ముందు తెల్లని గోడ నిలిచినట్లుండును. దీపము దించి వేసినప్పుడే చక్రము ముందరి నేల కొంచెము కనబడును. యెషయా 50వ అధ్యాయపు చివరి రెండు వచనములు చదివినప్పుడెల్ల మాకిది జ్ఞాపకము వచ్చును. వెలుగు లేక చీకటిలో నడచువాడు యెహోవా నామమును ఆశ్రయింపవలెనని ప్రవక్త చెప్పి, వెంటనే తామే నిప్పు రాజబెట్టుకొని ఆ కొరవుల వెలుగులో నడచువారు వేదనతో పండుకొందురని చెప్పుచున్నాడు. చీకటిలో నడచువాడు భక్తిహీనుడని అతడు అనలేదు, గమనింపుడి. దేవునికి భయపడి ఆయన సేవకుని మాట వినువాడే ఆ చీకటిలో నడచుచున్నాడు. భక్తునికి కూడ దారి కనబడని దినములుండును.

మన తెలుగు సంఘముల చరిత్రలో అట్టి తెల్లవారుజాము ఒకటి కలదు. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిరి. అమెరికాలోని వారి సంఘములు ఈ తెలుగు మిషనును మూసివేయవలెనా అని ఆలోచించుచుండిన కాలమది. ఫలమన్నది వారి కంటికి కనబడలేదు. కొండ దిగిన తరువాతను చాల సంవత్సరములు కనబడలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నడుమ 24 సంవత్సరములు గడచెను. ఆ అయిదుగురికి ఆ ఉదయమున దొరికినది అడుగు వేయుటకు చాలినంత వెలుగు మాత్రమే.

ఇక వేరొక దోషమును గూర్చి చెప్పక తప్పదు. భయము విడుచుట అను పేరున దేవుని శోధించుట మనలో ఎక్కువైనది. బండి ముందు వాక్యపు స్టిక్కరు అతికించి హెల్మెట్టు ఇంట మేకుకు తగిలించి పోవుదురు. ఒక బండిమీద ముగ్గురు పెద్దలు, ఒక పసిబిడ్డ, కూటపు భోజనమునకు గిన్నెల మూట! అడిగినచో దేవుడున్నాడందురు. దేవుడున్నాడు. సాతానును ఆ మాటే చెప్పెను. వాడు ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దూకుము, దూతలు ఎత్తిపట్టుకొందురని 91వ కీర్తననే ఎత్తి చూపెను. ప్రభువు ఆ కీర్తనను కాదనలేదు, అయినను దూకలేదు. మెట్లున్న చోట మెట్లు దిగవలెను. హెల్మెట్టు నడుపువానికిని వెనుక కూర్చుండువానికిని అవసరమని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోనే యున్నది. అయినను మన సహోదరీలకు అది భర్తల వస్తువుగానే తోచుచున్నది.

మరియొకటి. ధాన్యము ఆరబోయుటకు రోడ్డుకంటె మంచి కళ్లము లేదని మన రైతుల అభిప్రాయము. తారురోడ్డు వేడికి గింజ త్వరగా ఆరును, నిజమే. రాత్రి కుప్పచేసి టార్పాలిను కప్పి చుట్టు రాళ్లు పెట్టుదురు. ధాన్యము ఎత్తిన తరువాత రాళ్లు అక్కడనే ఉండును. క్రొత్త యిల్లు కట్టినవాడు పైకప్పునకు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల ఎవడైన పడినప్పుడు ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చుననియు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో వ్రాయబడినది. గ్రుడ్డివాని ముందర అడ్డము వేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది. మంచులో మనమందరము గ్రుడ్డివారమే. రోడ్డుమీద రాయి విడిచి ఆదివారము ముందు బల్లమీద కూర్చుండువాడు ఈ రెండు అధ్యాయములు ఇంటికి పోయి చదువుకొనవలెను. గడ్డి ట్రాక్టరుకు, చెరకు ట్రాక్టరుకు వెనుక ఎర్రదీపము లేనివారును అట్లే. దీపము చెడినయెడల వెలుగు పడినప్పుడు మెరయు ఎర్రని టేపు ముక్క యైనను అతికింపుడి. దాని ఖరీదు పెద్దది కాదు.

మేము ఈ రాయి సంగతి ఊరక వ్రాయుటలేదు. రెండు చలికాలముల క్రిందట మన సంఘపెద్ద ఒకరు తెల్లవారుజామున పాల క్యానులతో పోవుచు అట్టి రాతికి తగిలి పడిరి. భుజపుటెముక విరిగెను. ఎముక రెండు నెలలలో అతికినది. కాని బండి ఎక్కబోయిన ప్రతిసారియు చేతులు వణకెను. తాళము తీయును, చూచును, మరల మేకుకు తగిలించును. పాల పని వేరొకరికి పోయినది. ఆయన భార్య దాళ్వా నాట్లకు కూలికి పోవలసి వచ్చెను. బజారులో నవ్విరి. అంతకంటె బాధ ఏమనగా, ఒక ప్రార్థన కూటములో ఒకరు ఆయనతో, నీకు విశ్వాసము చాలదు, ప్రేమ సంపూర్ణమైనచోట భయముండదని యోహానుగారు వ్రాసిరి కదా అనిరి. ఆ రాయికంటె ఈ మాటయే ఎక్కువ హాని చేసినదని మా అభిప్రాయము.

ఆ వచనమును సరిగా చదువవలెను. మొదటి యోహాను 4వ అధ్యాయములో ఆ మాటకు ముందటి వచనము తీర్పు దినమును గూర్చినది. దేవుడు నన్ను శిక్షించునేమో అను భయమును ఆయన ప్రేమ వెళ్లగొట్టునని దాని భావము. విరిగిన ఎముక జ్ఞాపకము వచ్చి చేయి వణకుట ఆ భయము కాదు. గెత్సేమనేలో మన ప్రభువు మిగుల కలవరపడి చింతాక్రాంతుడాయెనని మార్కుగారు వ్రాసిరి. ఆయన శరీరము వణకినది, ఆయన తండ్రిని విడువలేదు.

ఆ పెద్దతో మేము ప్రార్థించితిమి. ప్రార్థించి, ముందు బండి స్టాండు మీద నుండగానే పావుగంట ఊరక కూర్చుండుమంటిమి. వారము దినములు అట్లు కూర్చుండిరి. తరువాత పట్టపగలు గుడివరకు, ఆ తరువాత లాకులవరకు, పిమ్మట పొరుగూరి మిల్లువరకు. ఉగాదికి మొదలుపెట్టిన పని దసరావరకు సాగెను. అద్భుతము జరిగినదని సాక్ష్యము చెప్పుటకు ఇందులో ఏమియు లేదు. పౌలుగారి ఓడవారు రాత్రివేళ నేల దగ్గరపడినదని తోచినప్పుడు బుడుదు వేసి చూచిరి, ఇరువది బారలున్నది. కొంచెము పోయి మరల వేసిరి, పదునైదు బారలున్నది. చీకటిలో సముద్రమంతయు కొలువలేదు, తమ క్రింది నీటినే కొలిచిరి. భయము పట్టినవానికి ఇంతకంటె మంచి ఉపాయము మాకు తెలియదు.

మరుసటి చలికాలము, డిసెంబరు నెలలో ఒక రాత్రి నాలుగు గంటలకు పదకొండు కిలోమీటర్ల దూరపు పల్లెనుండి మాకు ఫోను వచ్చెను. ఎనుబది దాటిన ఒక తల్లి అవసాన దశలో ఉండి ప్రభువు బల్లను కోరుచున్నది. మా బండి మెకానికు షెడ్డులో ఉన్నది. ప్రక్క యింటనే యున్న ఆ పెద్ద మాటలు విని లేచి వచ్చిరి.

“అయ్యగారూ, నేను తీసుకెళ్తానండి.”

“మంచు బాగా ఉందయ్యా. ఆలోచించుకో.”

“భయంగానే ఉందండి. కానీ ఆమె అడిగింది కదండి.”

చొక్కా లోపల పాత వార్తాపత్రిక మడత పెట్టుకొని, చేతులకు గుడ్డలు చుట్టుకొని, బండి కొంతసేపు వేడెక్కనిచ్చి బయలుదేరితిమి. ఊపిరికి హెల్మెట్టు అద్దము మసకబారుచుండగా మాటిమాటికి దానిని కొంచెము ఎత్తుచు, దీపము దించి, ఎడమ అంచు తెల్లగీతను చూచుకొనుచు ఆయన మెల్లగా నడపిరి. లారీ మ్రోత వినబడినప్పుడు రోడ్డు పూర్తిగా దిగి ఆగితిమి. అట్లు మూడుమార్లు ఆగితిమి. ఏదైన మాట్లాడుచుండుమని ఆయన కోరగా, మేము వెనుక కూర్చుండి కంఠతః వచ్చిన కీర్తనలు మెల్లగా చెప్పుచు పోయితిమి. చేరుసరికి గంట దాటెను. ఆ తల్లి అరగంట ముందే ప్రభువునందు నిద్రించెను.

ఆమె కుమారుడు వాకిటనే నిలిచి, “కొంచెం గట్టిగా వచ్చుంటే అందేవారు అయ్యగారూ” అనెను. ఆ పెద్ద తలవంచుకొనిరి. మేమప్పుడు ఏమియు చెప్పక ఆ కుమారుని చేయి పట్టుకొంటిమి. దుఃఖములో ఉన్నవానితో వాదించుట తగదు. కాని ఆ ప్రశ్న సంఘములో కొందరి నోట ఇంకను వినబడుచున్నది గనుక మా తీర్పు ఇక్కడ వ్రాయుచున్నాము. మెల్లగా పోవుటయే సరి. సిలువమీద ప్రక్కనున్న దొంగకు ఎవరును రొట్టె విరిచి యియ్యలేదు, అయినను ఆ దినముననే ప్రభువు అతనిని పరదైసునకు తీసికొనిపోయెను. ఆ తల్లిని చేర్చుకొనుటకు ఆయన మా బండికొరకు కనిపెట్టుకొని యుండలేదు. బల్ల ఆమెకు చేరకపోవుట మాకు నేటికిని దుఃఖమే, ఆ దుఃఖమును తగ్గించి చెప్పము. అయినను వేగముగా పోయియున్నయెడల ఆ దినమున పల్లెలో త్రవ్వవలసినది ఒక్క గొయ్యి మాత్రమే అని ఎవరు చెప్పగలరు?

మధ్యాహ్నము ఆ పెద్దయు పలుగు పట్టి గొయ్యి త్రవ్విరి. కొన్ని వారముల తరువాత, ఆదివారము ఆరాధన ముగిసినప్పుడు, ఆ కుమారుడే వచ్చి ఆయన బండి వెనుక కూర్చుండి తన ఊరు పోయెను. వారేమి మాట్లాడుకొనిరో మేము అడుగలేదు. ఇప్పుడు పాల పని మరల ఆయనదే. చలికాలములో మాత్రము అరగంట ఆలస్యముగా బయలుదేరుదునని కేంద్రమువారితో ముందే చెప్పుకొనిరి. చేతులు ఇప్పటికిని వణకుచున్నవని ఆయనే చెప్పుదురు.

ఓడలో పౌలుగారును పదునాలుగు దినములు అందరితోపాటు ఆ గాలిదెబ్బ తినిరి. సూర్యుడును నక్షత్రములును కనబడలేదు. దేవుని దూత చెప్పిన మాటను ఆయన నమ్మిరి. నమ్మినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నావికులు పడవ దింపి పారిపోవజూచినప్పుడు వారు ఓడలో ఉండనియెడల మీరు తప్పించుకొనలేరని సైనికులతో చెప్పిరి. తెల్లవారుచుండగా అందరిని బ్రతిమాలి భోజనము చేయించిరి. ఓడవారు వెనుకనుండి నాలుగు లంగరులు వేసి, ఎప్పుడు వెలుగు వచ్చునా అని కాచుకొని యుండిరి. ఆగవలసిన చోట ఆగుట కూడ ఆ అధ్యాయములో విశ్వాసము చేయు పనులలో ఒకటి. 276 మందిలో ఒక్కరును నశింపలేదు, ఓడ మాత్రము పోయినది.

వారు ఒడ్డెక్కిన మెలితే ద్వీపములో వర్షము, చలి. ఆ ద్వీపవాసులు మన దేవుని ఎరుగరు, అయినను నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. మనకును అట్లే, తెల్లవారుజామున టీ బడ్డీ వద్ద చలిమంట వేసికొన్న పరాయివారు ‘రండి, చేతులు కాచుకోండి’ అని పిలుచుట కలదు. పౌలుగారు ఆ మంట దగ్గర ఊరక కూర్చుండలేదు, తానును మోపెడు పుల్లలేరి తెచ్చి నిప్పులో వేసిరి.

ఈ నెల మొదటి ఆదివారమునుండి సంక్రాంతి తరువాతి ఆదివారమువరకు మన ఉదయ ఆరాధన ఏడు గంటలకు బదులు ఎనిమిదిన్నరకు జరుగునని పెద్దలు తీర్మానించిరి. దూరపు ఊళ్లవారు మంచు విడిన తరువాతనే బయలుదేరవలెను, వారు వచ్చువరకు మొదటి పాట ఎత్తము. గుడి వాకిట చలిమంట వేయుటకు యౌవనులు ఒప్పుకొనిరి. ఇంట ఎండుపుల్లలున్నవారు శనివారము సాయంకాలమే తెచ్చి అరుగుప్రక్క వేయగోరుచున్నాము.